ఓష్‌లో చదివే అమ్మాయిని చూసి రావడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. 2024 మేలో అక్కడి రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు జరిగినప్పటి నుంచీ నా భార్యకు ఒకటే టెన్షన్. ఒక్కసారైనా వెళ్లి చూసొద్దామంటోంది. పక్క దేశం కజకిస్తాన్‌లోని ఆల్మటీ, బిష్కెక్ కూడా కలిపి ఎనిమిది రోజులకు ఇద్దరికీ 3.4 లక్షలని ఏజెంటు చెప్పాడు. 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఫీజుకని దాచిన 5 లక్షల ఎఫ్‌డీ తీయాలా? నెలకు 15 వేలు మిగులుతాయి. అసలు ఆ ఊళ్లో చూడ్డానికి ఏముంది?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: తప్పకుండా వెళ్లండి. లోన్ మాత్రం వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, ఆ ప్యాకేజీ అసలే వద్దు.

ఎన్ని రోజులుండాలో తేలితేనే ఖర్చు తేలుతుంది కాబట్టి మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఓ సెప్టెంబరులో నేను ఓష్‌లో నాలుగు రోజులున్నాను. దేశంలో రెండో పెద్ద నగరమే అయినా చూడగానే నచ్చే ఊరు కాదు. సోవియట్ కాలం నాటి అపార్టుమెంట్లు, దుమ్ము, మినీ బస్సుల రద్దీ. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు తక్కువ. కానీ ఊరి నడిబొడ్డున సులైమాన్-టూ కొండ ఉంది. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని మీద ఓ బండ జనం జారీ జారీ అద్దంలా నునుపెక్కింది. అలా జారితే సంతానం కలుగుతుందని, నొప్పులు తగ్గుతాయని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. నేను చూస్తుండగానే ఓ పెద్దావిడ తలగుడ్డ సవరించుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని మూడుసార్లు జారింది. గుడి దగ్గర చెట్టుకు ఉయ్యాల కట్టే మన తల్లులు గుర్తొచ్చారు. పైన చిన్న గది ఉంది, బాబర్ కుర్రతనంలో కట్టించుకున్నాడని చెబుతారు, ఇప్పుడున్నది మళ్లీ కట్టింది. ఆయన పుట్టిన అందిజాన్ సరిహద్దుకు అవతల, ఉజ్బెకిస్తాన్‌లో ఉంది.

అక్-బూరా నది ఒడ్డున జైమా బజారులో తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెలు, పలావుకు వాడే ఉజ్‌గెన్ ఎర్ర బియ్యం దొరుకుతాయి. మాంసం లేని భోజనం మాత్రం కష్టం. మీ ఆవిడ శాకాహారి అయితే మన పిల్లల మెస్సే గతి. ఊరు చూడ్డానికి రెండు రోజులు, పాత మినార్ ఉన్న ఉజ్‌గెన్‌కు ఒక రోజు, అమ్మాయి కాలేజీ, హాస్టల్, స్నేహితులకు రెండు రోజులు. ఐదు రోజులు చాలు. ఆల్మటీ ఈ ప్రయాణంలో అవసరం లేదు.

ఇక డబ్బు సంగతి. 3 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 10,250 దాకా పడుతుంది, వడ్డీయే సుమారు 69 వేలు. మీ 15 వేలను 12 నెలలు ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్‌లో) వేస్తే అసలే 1.8 లక్షలు. ప్రయాణానికి అదే మీ హద్దు. ఈలోపు అమ్మాయి సెలవులకు ఇంటికి వస్తే ఆ ఏడాది ఎదురుచూపు మీ ఆవిడకు అంత బరువనిపించదు.

ఎఫ్‌డీ జోలికి ఎందుకు వెళ్లొద్దంటున్నానో చెబుతాను. ఫీజు డాలర్ లెక్కలో కడుతుంటే, 4,000 డాలర్ల మీద డాలరుకు ఒక్క రూపాయి పెరిగినా మీకు 4,000 అదనం. 2021 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల ప్రకారం అక్కడ 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. తిరిగొచ్చాక ఇక్కడ లైసెన్సు పరీక్ష, మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. కోచింగ్ ఖర్చు, సంపాదన లేని నెలలు ముందున్నాయి. చాలామంది తల్లిదండ్రులు ఆఖరి ఫీజుతో ఖర్చు అయిపోతుందనుకుని ఇక్కడే దెబ్బతింటున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

టికెట్లు మీరే కొనుక్కోండి. ఢిల్లీ నుంచి బిష్కెక్, అక్కడి నుంచి ఓష్‌కు గంటలోపు విమానం. రోడ్డు మార్గం 600 కిలోమీటర్ల పైచిలుకు కొండదారి, మీ వయసుకు వద్దు. ఈ-వీసాకు మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) కూడా కట్టాలి. ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం మానొద్దు. డాలర్లు మడతలు, మరకలు లేని కొత్త నోట్లే తీసుకెళ్లండి, పాతవైతే మార్పిడి దుకాణాల్లో వెనక్కిచ్చేస్తారు. అక్కడి సోమ్ విలువ ఇంచుమించు మన రూపాయంతే, బజారులో లెక్క తేలికే.

ఏప్రిల్ చివర గానీ సెప్టెంబరులో గానీ వెళ్లండి. జూలైలో ఎండ మనదాని లాగే ఉంటుంది. పరీక్షల తేదీలు అమ్మాయిని అడిగాకే టికెట్లు కొనండి. ఆవకాయ సీసా చెక్-ఇన్ సామానులో పెట్టండి, చేతిసంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు.