వెర్వెట్ కోతి అరుపును ‘మాట’ అనవచ్చా?

కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతులు చిరుతను చూస్తే ఒకలా, గద్దను చూస్తే ఇంకోలా, పామును చూస్తే మరోలా అరుస్తాయి. అవి వట్టి భయపు కేకలేమో అన్న అనుమానం న్యాయమైనదే. అందుకే పరిశోధకులు సీఫార్త్, చెనీ, మార్లర్ ఆ అరుపులను రికార్డు చేసి, ఏ జంతువూ లేనప్పుడు స్పీకర్‌లో వినిపించారు; ఫలితాలు 1980లో వచ్చాయి. చిరుత అరుపుకు నేల మీది కోతులు చెట్టెక్కాయి, గద్ద అరుపుకు పైకి చూశాయి, పాము అరుపుకు కిందికి.

అంటే అర్థం ఉంది. అయితే అది ‘చిరుత వచ్చింది’ అనా, ‘చెట్టెక్కండి’ అనా? ఇలాంటి సంకేతాల్లో ఆ రెండూ విడిపోకుండా కలిసే ఉంటాయని తత్వవేత్త రూత్ మిల్లికన్ వాదన. తరతరాలుగా ఏ పని చేసి ఆ అరుపు నిలిచిందో, అర్థం అక్కడి నుంచే వస్తుంది. నాకిది చాలా బలంగా అనిపిస్తుంది. మనిషి మాటలో ఆ రెండూ విడిపోయాయి: నిన్నటి చిరుత గురించి, ఎవరూ పరిగెత్తకుండా, కూర్చుని చెప్పుకోగలం.