కుండల గదిలో చీపురు పట్టవద్దు

ప్రశ్న: న్యూజెర్సీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. గరాజ్‌లో ముందున్నవారు కుండలు చేసేవారట, అంతా తెల్లని దుమ్ము. సామాను దింపే ముందు ఊడ్చి కడిగేస్తే చాలా? పాపకు పది నెలలు.

జవాబు: ఊడ్చవద్దమ్మా. ముందు ఊడ్చి, తర్వాత తడిగుడ్డ పెట్టడం మన అలవాటు. ఇక్కడ ఆ మొదటి పనే ప్రమాదం. కుండల మట్టిలోనూ, పైపూతగా వేసే గ్లేజులోనూ సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండే ఖనిజమే అది. కంటికి కనిపించనంత సన్నని ఆ రేణువులు చీపురు తగిలితే లేచి, గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. రాతి క్రషర్లలో ఏళ్ళ తరబడి పనిచేసినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది దీనివల్లే. అమెరికాలో 2016 నాటి నిబంధన ప్రకారం, పనిచేసేచోట ఘనమీటరు గాలిలో ఎనిమిది గంటల సగటున 50 మైక్రోగ్రాములకు మించి ఈ ధూళి ఉండకూడదు. ఒక ఉప్పు రవ్వ బరువు దాదాపు అంతే. ఒక్కరోజు శుభ్రం చేస్తే ఆ జబ్బు రాదు, కంగారు పడకండి. కానీ లేపిన దుమ్ము ఇంట్లోకి చేరి, పాప పాకే నేల మీదే వాలుతుంది.

ఆ రోజు పాపను స్నేహితుల ఇంట్లో ఉంచండి. ఇంట్లోకి వెళ్ళే తలుపు మూసి, సందులకు టేపు అంటించండి. ఎన్‌95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. మీవారు అయ్యప్ప మాలలో ఉండి గడ్డం పెంచుకుని ఉంటే ఆ మాస్కు పనిచేయదు, ఆయన ఈ పనికి దూరంగా ఉండటమే మంచిది. మామూలు వాక్యూమ్ సన్నని ధూళిని వెనక నుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది. సన్నని ధూళిని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టరున్న వాక్యూమే వాడండి, అద్దెకు దొరుకుతుంది.

నీళ్ళు సన్నగా చిలకరించి, అరల పైభాగం, లైట్ల మీద నుంచి మొదలుపెట్టి కిందికి రండి. బకెట్టులో నీళ్ళు పాలలా మారగానే మార్చండి, లేకపోతే ఆరాక అదే తెల్లపొర మళ్ళీ తేలుతుంది. ఆ నీళ్ళు సింకులో పోయవద్దు, మట్టి పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరుతుంది. పైనీరు నెమ్మదిగా వంపి, అడుగు ముద్దను సంచిలో కట్టి చెత్తలో వేయండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

పేరు లేని పొడి డబ్బాలుంటే తెరవవద్దు. పాత గ్లేజుల్లో సీసం ఉండవచ్చు, అది పసిపిల్లలకు చాలా చెడ్డది. కౌంటీ వారు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున అప్పగించండి. పాత బట్టీ ఉంటే దాన్నీ కదపవద్దు. లోపలి పొరలో ఆస్‌బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార ఉండే అవకాశం ఉంది, పొడిపొడిగా రాలుతుంటే నిపుణులే తీయాలి.

నిజానికి ఈ పని ఇంటి యజమానిది. మీరు చేయి పెట్టకముందే ఫోటోలు తీసి, శుభ్రం చేయించమని ఈమెయిల్ పంపండి. నోటిమాటతో వదిలేయవద్దు, రేపు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పేచీ వస్తే ఆ ఈమెయిలే మీకు ఆధారం.