విస్కీ పీపాకు కాపలా కాసిన మేట్రన్

సిరిసంపదల్లో, సేవకుల మధ్య పెరిగిన స్త్రీ ఆసుపత్రి లాంటి చోట ఉద్యోగం చేసి నిలబడగలదా, చరిత్రలో అలాంటివారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. ఫీబీ యేట్స్ పెంబర్. నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా, చివర్లో హెడ్ నర్సుగా చేసి పదవీ విరమణ పొందాను. ఉద్యోగంలో ఉండగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన బాధ ఒకటి నాకు ఉండేది. ఈవిడ 1879లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో దాన్నే రాసి పెట్టింది.

ఆమె 1823లో అమెరికాలో, దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో పుట్టింది. ఆమెది యూదు కుటుంబం, ఆ రోజుల్లో అక్కడ యూదులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తండ్రి జేకబ్ లెవీ బాగా సంపాదించిన వ్యాపారి. ఫీబీ బోస్టన్‌కు చెందిన ఒక క్రైస్తవుణ్ణి పెళ్లాడింది. 1861లో అతను క్షయతో పోయాడు. పుట్టింటికి తిరిగి వెళ్లింది కానీ అక్కడ ఇమడలేకపోయింది. అప్పటికి ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కాన్ఫెడరేట్ ప్రభుత్వ యుద్ధమంత్రి భార్య ఆమెకు స్నేహితురాలు. ఆవిడ చొరవతో 1862 చివర్లో ఆ ప్రభుత్వ రాజధాని రిచ్‌మండ్‌లోని చింబొరాజో సైనిక ఆసుపత్రిలో ఒక విభాగానికి మేట్రన్‌గా, అంటే రోగుల తిండి, సామాను చూసుకునే పెద్దగా చేరింది. జీతం నెలకు 40 డాలర్లు. యుద్ధం ముగిసేలోగా ఆ ఆసుపత్రికి 75,000 మందికి పైగా రోగులు వచ్చారు.

మా అమ్మాయి రిచ్‌మండ్‌లోనే ఉంటుంది. 2019లో వెళ్లినప్పుడు ఆ ఆసుపత్రి ఉన్న గుట్ట మీదికి తీసుకువెళ్లింది. ఆసుపత్రి షెడ్లు ఒక్కటీ మిగల్లేదు. పచ్చిక, చెట్లు, ఒక చిన్న మ్యూజియం, అంతే. ఇంటికి వచ్చాక ఫీబీ పుస్తకం మా అమ్మాయి చదివి చెప్తుంటే రెండు రాత్రులు కూర్చుని విన్నాను.

చేరిన రోజే ఒక డాక్టరు, ఆ ఆడవాళ్లలో ఒకతె వచ్చేసిందని పక్కవాడితో ఈసడింపుగా అనడం ఆమె చెవిన పడింది. కోడి సూపు కాయించి పెడితే, అందులో తేలుతున్న ఆకులు చూసి ఒక సైనికుడు మా అమ్మ చేసే సూపు ఇలా ఉండదని వంక పెట్టాడు. ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోనిది విస్కీ విషయం. అప్పట్లో విస్కీ మందు. నీరసించిన క్షతగాత్రులకు కొలిచి పట్టేవారు. నెలనెలా వచ్చే పీపా రోగుల దాకా చేరకుండానే ఖాళీ అయ్యేది. ఆమె ఆసుపత్రుల చట్టం తెప్పించుకుని స్వయంగా చదివింది. పీపా మేట్రన్ అధీనంలో ఉండాలని అందులో ఉంది. ఆ అక్షరాలు చూపించి పీపాను తన గదికి తెప్పించుకుంది. ఆ రోజు నుంచి చాలామంది డాక్టర్లకు ఆమె శత్రువే.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. 1994 వేసవిలో నేను సర్జికల్ వార్డులో ఉన్నాను. స్పిరిట్ తుడిస్తే చర్మానికి చల్లగా తగిలి క్షణంలో ఆరిపోవాలి. ఒక రోజు ఇంజెక్షన్ ఇవ్వబోతే తుడిచిన చోట తడి అలాగే నిలిచింది. సీసాలో సగం నీళ్లు. మర్నాడే బీరువాకు కొత్త తాళం కొని, తాళంచెవి నడుముకు కట్టుకున్నాను. వారం తిరగకుండా రాత్రి రెండింటికి అటెండరు వచ్చి డాక్టరుగారు స్పిరిట్ అడుగుతున్నారన్నాడు. ఇండెంట్ రాసి సంతకం పెట్టి పంపమన్నాను. తెల్లవారాక నన్ను పిలిపించి, నిలబెట్టి, డాక్టర్లనే అనుమానిస్తావా అని అడిగారు. రెండు నెలల్లో ఓపీకి మార్చారు. నా చేతిలో చట్టం కాగితం లేదు, అదే తేడా. ఆసుపత్రి బాగోగులు తెలియాలంటే స్టోరు తాళం ఎవరి దగ్గర ఉందో అడిగితే చాలు. ఈ మాట మీద నాకు అనుమానమే లేదు. సినిమాల్లో నర్సు అంటే ట్రే పట్టుకుని నవ్వే అమ్మాయి. వార్డులో సామాను లెక్క ఎవరు చూస్తారో ఒక్కరూ చూపించరు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆమె నిలబడింది సంపన్నురాలైనా కాదు, సంపన్నురాలు కాబట్టే. దక్షిణాది పెద్ద ఇళ్లలో కొట్టుగది, మాంసం గది తాళాలు ఇల్లాలివే. తాళంచెవుల కోసమే తోలుతో చేసిన చిన్న బుట్టలుండేవి. తాళంచెవి పట్టుకోవడం, ఎవరు గదమాయించినా ఇవ్వకపోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. కానీ ఆ తాళాలు ఎవరికి అందకుండా వేసినవి? బానిసలకు. చింబొరాజో వంటశాలల్లో, వార్డుల్లో చాకిరీ చేసినవారిలో ఎంతోమంది యజమానుల దగ్గర కూలికి తీసుకున్న బానిసలే. ఆ వ్యవస్థను కాపాడే పక్షాన ఆమె మనస్ఫూర్తిగా నిలిచింది. ఆ పని నేను క్షమించను. ఆమె ధైర్యాన్ని మాత్రం కాదనలేను.

1865 ఏప్రిల్ 3న రిచ్‌మండ్ ఉత్తరాది సైన్యం వశమైంది. చాలామంది వెళ్లిపోయినా ఆమె రోగుల దగ్గరే ఉండిపోయింది. రోగం నటిస్తూ ఆసుపత్రిలో తిష్ఠ వేసినవాళ్లను ఆమె ఎలుకలనేది. ఆ రాత్రి వాళ్లే గుంపుగా విస్కీ కోసం గదిలోకి వచ్చారు. ముందున్నవాడు ఆమె భుజం పట్టి పక్కకు నెట్టబోయాడు. ఆమె దగ్గరున్న పిస్తోలు టక్కుమన్న చప్పుడు వినిపించింది. ఒక గుండు గురి తప్పినా ఇంకా ఐదున్నాయి, ఇంత చిన్న గదిలో ఆడది కూడా ఆరుసార్లూ గురి తప్పదు అని చెప్పింది. తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ రాత్రి పీపా దగ్గరే గడిపింది.

ఆసుపత్రి పని ముగిసేసరికి ఆమె దగ్గర ఉన్నవి చెల్లని కాన్ఫెడరేట్ నోట్లతో నిండిన పెట్టె, పది సెంట్ల వెండి నాణెం ఒకటి. ఆ నాణెంతో ఒక అగ్గిపెట్టె, ఐదు కొబ్బరి కేకులు కొనుక్కుంది.