మీ పరుగుకు ముందే లేచేది ఎవరు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా పరిగెడుతున్నాను. మూడు హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్లవి) పూర్తి చేశాను. ఆగస్టులో ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్లు, పరిగెత్తాలని ఆశ. మావారికి ఇష్టం లేదు. "ఈ వయసులో ఆడవాళ్లకు అంత దూరం మంచిది కాదు, లోపల దెబ్బతింటుంది" అంటారు. ఒక్క రేసుకూ రాలేదు. మెడల్ చూపిస్తే "డబ్బులిచ్చి కొనుక్కున్నావు కదా" అని నవ్వారు. నా కష్టం ఎవరికీ కనబడదు. మానేయాలా? ఆయన్ను ఒప్పించే దారి ఉందా?

జవాబు: ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేద్దాం. మానేయకండి. "లోపల దెబ్బతింటుంది" అనే మాట మీవారు కొత్తగా కనిపెట్టింది కాదు. ఇలాంటి భయాలతోనే 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టలేదు. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టారు, ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నారు. ఒకసారి డాక్టరుకు చూపించుకుని పేరు ఇచ్చేయండి. ఒప్పించడం అంటారా, అక్కర్లేదు. చెప్పండి, చాలు.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడో పేజీ చివర రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. "అమ్మ మా దగ్గరే ఉంటుంది కాబట్టి పొద్దున ఇంటి టెన్షన్ లేదు. ఈమధ్య మోకాళ్ల నొప్పులని కిందికి దిగడం లేదు." అంతే. ఆవిడకు 68 ఏళ్లని ఇంకెక్కడో, బ్రాకెట్లో రాశారు.

ఆగస్టు రేసంటే ప్రాక్టీసు ఏప్రిల్ నెలాఖరుకే మొదలు. మన ఎండలకు తెల్లారితే పరిగెత్తలేరు, అందుకే నాలుగింటికి లేస్తున్నారు. బూట్లు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా గుమ్మం దాకా వెళ్తానని, అప్పటికే అమ్మ స్టీలు గ్లాసులో రాగిజావ పట్టుకుని నిలబడి ఉంటుందని ఎంతో ముచ్చటగా రాశారు. నాకు ముచ్చటనిపించలేదు. నాలుగింటికి లేచేది మీరైతే, జావ కాచి చల్లార్చిన మనిషి ఎన్నింటికి లేచినట్టు? మీరు తిరిగొచ్చేలోగా పిల్లల బాక్సులు, అల్లుడికి కాఫీ, టిఫిను. వారానికి ఐదు రోజులు, 18 వారాలు. తొంభై తెల్లవారుజాములు. అవి మీ వాచీలో రికార్డు కావు.

మీ కష్టం భర్తకు కనబడదని మీ బాధ. అమ్మ కష్టం మీకు కనబడలేదని ఆవిడ బాధపడుతోందో లేదో మనకు తెలియదు, ఎందుకంటే ఆవిడ చెప్పదు. కూతురింట్లో ఉంటున్న తల్లి. అల్లుడి ముందు ఊరికే కూర్చుని తినాలంటే మొహమాటం. ఓపిక ఉన్నన్నాళ్లు ఏదో ఒకటి చేసిపెడితే ఆ మొహమాటం కాస్త తగ్గుతుంది. "నాకేం కష్టమే, ఎలాగూ నిద్ర పట్టదు" అని మీతోనూ అనే ఉంటుంది. మా అమ్మా అదే అనేది. నేనూ నమ్మాను, నమ్మితే నాకే హాయి కాబట్టి.

పరుగు మీకిచ్చింది చిన్నదేం కాదు. పార్కులో నడిచి ఇంటికొచ్చే మనిషిని, నాకు దాని రుచి తెలియదు. కానీ "పదిహేనో కిలోమీటరు దాటాక నేను ఎవరి భార్యనీ కాదు, ఎవరి మేనేజర్నీ కాదు, నా ఊపిరి చప్పుడొక్కటే వినబడుతుంది" అన్న మీ వాక్యం రెండుసార్లు చదివాను. అది మీ సొంతం. దానికి మీవారి సర్టిఫికెట్ ఎందుకు? రేసు ముగిసే గచ్చిబౌలి స్టేడియంలో ఆయన నిలబడి చప్పట్లు కొడితే ఆ ఊపిరి మారుతుందా? అయితే ఆ సుఖానికి ఖర్చు పెడుతున్నది మీరొక్కరే కాదు. ముప్పై కిలోమీటర్లు దాటితే ఒంట్లో నిల్వలు అయిపోతాయని, దాన్నే 'వాల్' అంటారని, అందుకని దారిలో శక్తి కోసం మింగే జెల్ ప్యాకెట్లు లెక్కపెట్టి సర్దుకుంటానని రాశారు. లాంగ్ రన్‌లో నల్లబడ్డ కాలిగోరు ఆఫీసులో అందరికీ చూపించారట. అమ్మకు ఏ మోకాలు ఎక్కువ నొప్పో చెప్పగలరా?

"కష్టంగా ఉందా అమ్మా" అని మాత్రం అడగకండి. లేదనే అంటుంది. జావ మీరే రాత్రి కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున మజ్జిగ కలుపుకోవడం ఎంతసేపు. మీరు పరుగుకెళ్లే రోజుల్లో బాక్సులు మీవారివి. ఆయన పిల్లలే కదా. ఉప్మా మాడితే మాడనివ్వండి, వెనకాల నిలబడి దిద్దకండి. అయినా అమ్మ లేచి వంటింట్లోకి వస్తుంది. మొదటి వారమంతా వస్తుంది. వెనక్కి పంపాల్సింది మీరు కాదు, ఆయన. "అత్తయ్యగారూ, మీరు పడుకోండి, నేను చూసుకుంటాను" అన్న మాట అల్లుడి నోట వస్తేనే ఆవిడకు మొహమాటం వదులుతుంది. మీవారిని దేనికైనా ఒప్పించాలనుంటే, మీ ఓపికంతా దీనికి వాడండి.

కొత్త బూట్లకు డబ్బు పక్కన పెట్టానన్నారు. కొనుక్కోండి, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక. వచ్చే రెండో శనివారం మీకెలాగూ బ్యాంకు సెలవు. ఆ రోజు పరుగు వద్దు. క్యాబ్ గుమ్మం ముందుకు పిలిపించి, అమ్మ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆవిడ దిగినంత నెమ్మదిగా మీరూ దిగండి.