పైన్ జిగురు లెక్కలతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి కర్నూలులో బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చివరి ఏడాది. చెట్టు కొలతలను బట్టి పైన్ జిగురు ఎంత వస్తుందో అంచనా కట్టడం మీద పీజీ చేస్తానని పట్టుబట్టాడు. దానికి ఉద్యోగాలుంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: పైన్ జిగురు ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టమేనండి. మన దేశంలో జిగురు తీసే చీర్ పైన్ ప్రధానంగా హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో ఉంటుంది. ఆ జిగురు నుంచి టర్పెంటైన్ నూనె, రోజిన్ అనే గట్టి పదార్థం తీసే ఫ్యాక్టరీలు హిమాచల్ అటవీ కార్పొరేషన్‌కు నాహన్, బిలాస్‌పూర్‌లలో ఉన్నాయి. దిగుబడి అంచనా కోసమే అక్కడ మనిషిని పెట్టుకుంటారని ఆశపడొద్దు. కానీ అడవిని కొలిచి లెక్కగట్టడం వచ్చినవాడికి దారులున్నాయి. ఆ పని నేర్చుకోవడానికి మీవాడు పట్టుకున్న అంశం మంచిదే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. వాలులో నిలబడ్డ చెట్టుకు ఎగువ వైపు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టాలి. టేపు కాస్త వంకరగా పడినా చెట్టు ఉన్నదానికన్నా లావుగా లెక్కకొస్తుంది. ఎత్తు, పచ్చకొమ్మల గుబురు కూడా రాసుకోవాలి. కూలీలు బెరడు గీరి, గాటు పెట్టి, యాసిడ్ చల్లుతారు. కింద కట్టిన కప్పులోకి కారిన జిగురును తూకం వేయాలి. సాధారణంగా లావు చెట్టు, గుబురున్న చెట్టు ఎక్కువిస్తుంది. అయినా ఒకే లావున్న రెండు చెట్లు పక్కపక్కనే ఉండి, ఒకటి ధారాళంగా ఇస్తే ఇంకోటి పిసినారిగా ఇస్తుంది. చెట్టు పుట్టుగుణం టేపుకు దొరకదు మరి. ఆ తేడాను లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలన్నదే అసలు చదువు. ఒక కొండ మీది చెట్లతో కట్టిన సూత్రం పక్క కొండ మీద నిలబడుతుందా అని మీవాణ్ణి అడిగి చూడండి. జవాబుకు తడుముకున్నా ఫరవాలేదు, ప్రశ్న వాడికి నచ్చాలి.

డెహ్రాడూన్ ఎఫ్‌ఆర్‌ఐ (అటవీ పరిశోధన సంస్థ) డీమ్డ్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీకి డిగ్రీలో మ్యాథ్స్ చదివినవాళ్లూ అర్హులే. ఈ ఏడాది నోటిఫికేషన్ మాత్రం చూసుకోండి. యూపీఎస్సీ ఐఎఫ్‌ఎస్‌ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) పరీక్షకు మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఉన్న డిగ్రీ సరిపోతుంది. అందులో మగవాళ్లకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్ల నడక పరీక్ష కూడా ఉంటుంది. పీజీలో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం) గట్టిగా నేర్చుకోమనండి. అది లేకుండా ఉత్త ఫారెస్ట్రీ పట్టాతో ప్రైవేటులో తిరగడం నేనైతే సిఫారసు చేయను.

అంతదూరం పంపే ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. నల్లమలలో చెంచులు సేకరించే తపసి చెట్టు జిగురును జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కొంటుంది. చెట్టు వేరు, జిగురు వేరు, కొలతల లెక్క మాత్రం ఇదే. డిగ్రీ ప్రాజెక్టుగా కొన్ని చెట్లను కొలిచి రమ్మనండి. అది టైగర్ రిజర్వు కాబట్టి ముందుగా కాలేజీ లెటర్‌తో అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. దారి తెలిసిన చెంచు మనిషి ఒకరిని, కూలి ఇచ్చి, వెంట తీసుకెళ్లమనండి.