వేళ్లతో కొండవాలును ఆపే చదువు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడి మా బస్సు మూడు గంటలు ఆగిపోయిన రోజు నుంచి, మొక్కల వేళ్లతో మట్టిని పట్టి ఉంచే ఇంజినీరు అవుతానంటోంది. అలాంటి కోర్సు ఉందా? బంధువులేమో కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే మాట ఎత్తనివ్వడం లేదు.

జవాబు: కౌన్సెలింగ్ జాబితాలో 'వేళ్ల ఇంజినీరింగ్' అనే పేరుతో బీటెక్ కోసం వెతకకండి, దొరకదు. పని మాత్రం నిజమైనదే. మట్టి బరువును మోస్తుంది కానీ లాగితే విడిపోతుంది. కాంక్రీటులో ఇనుప చువ్వ చేసే పనిని మట్టిలో వేరు చేస్తుంది. వేసవిలో తడికలు కట్టుకునే మన వట్టివేరునే చూడండి. దాని వేళ్లు పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా, అనువైన నేలలో మూడు మీటర్ల దాకా దిగుతాయి. లాగుడును తట్టుకోవడంలో ఆ వేరు సగటున మెత్తని ఉక్కు (మైల్డ్ స్టీల్)లో ఆరో వంతు ఉంటుందని పరీక్షల్లో తేలింది. గడ్డివేరుకు అది తక్కువేమీ కాదు!

అయితే వేరు చేరని లోతులో జారే కొండను ఏ గడ్డీ ఆపలేదు. అక్కడ గోడలు, కొండలోకి దించే పొడవాటి ఇనుప మేకులు, నీరు బయటకు పోయే దారులు కావాలి. అందుకే ఈ పని చేసేవారికి మొక్కల మీద ప్రేమ ఒక్కటే చాలదు, లెక్కలు రావాలి. ఎంపీసీ తీసుకోవడం మంచిదే అయింది.

దారులు రెండు. సివిల్ చదివి, ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసి, అందులో జియోటెక్నికల్ (మట్టి, రాళ్ల బలాన్ని లెక్కగట్టే శాఖ) తీసుకోవడం ఒకటి. అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ రెండోది. బాపట్ల, మడకశిర, సంగారెడ్డి దగ్గరి కంది కాలేజీల్లో ఇది ఉంది, ఎంసెట్ పేరు మారి వచ్చిన ఈఏపీసెట్‌తోనే ప్రవేశం. తర్వాత నేల, నీటి సంరక్షణలో ఎంటెక్ చేయవచ్చు. నా మొగ్గు రెండోదానికే, కానీ రోడ్లు, రైల్వే పనుల్లో ఉద్యోగాలకు సివిల్ డిగ్రీయే ఎక్కువ తలుపులు తెరుస్తుంది. 'వేళ్ల ఇంజినీరు కావలెను' అనే ప్రకటన మాత్రం పత్రికలో కనిపించదు. హైవే కన్సల్టెన్సీల్లోనో, వాటర్‌షెడ్ (వాననీటిని, నేలను కాపాడే) పనుల్లోనో చేరి, అక్కడ ఈ పనిని తనే అడిగి చేయాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుంటే బాధే.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. రెండు ట్రేలలో మట్టి నింపి, ఒకదానిలో గరిక నాటమనండి. రెండు నెలలయ్యాక రెండింటినీ ఏటవాలుగా పెట్టి, చెరో చెంబు నీళ్లు పోసి, కిందికి కారే బురదనీటిని గిన్నెల్లో పట్టమనండి. ఆ బురదను ఆరబెట్టి తూచాలని తనకే తోస్తే సీటు గురించి ఆలోచించండి. 'చూశానుగా' అని లేచి వెళ్లిపోతే బంధువుల మాట వినవచ్చు.