సంక్రాంతి సెలవుల ముందు ప్రాథమిక పాఠశాల సిబ్బందికి వారపు సమాచారం ఎలా రాయాలి?

ఈ విద్యా సంవత్సరంలోనే మోడల్ ప్రైమరీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారని, ప్రతి శనివారం స్టాఫ్ గ్రూపులో వచ్చే వారం పనుల గురించి రాసి పెడుతున్నారని, డిసెంబరు వచ్చేసరికి అది రెండు పేజీలు దాటుతోందని, అయినా సోమవారం ఉదయం అందరూ అవే విషయాలు మళ్లీ మిమ్మల్నే అడుగుతున్నారని రాశారు. సంక్రాంతి సెలవుల ముందు వారాల్లో ఆ సమాచారంలో ఏమి ఉండాలో, ఎంత ఉండాలో, ఎలా రాయాలో చెప్పమన్నారు. నేను పల్నాడులో మిర్చి పొలాల మధ్య ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లుగా ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా దగ్గర నిలదొక్కుకున్న పద్ధతిని, దాని వెనుక ఉన్న కారణాలతో సహా చెబుతాను.

నా అభిప్రాయంలో ప్రధానమైన విషయం ఒక్కటే. మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయం నుంచి, చుట్టుపక్కల బడులను కలిపిన క్లస్టర్ నుంచి వచ్చిన సందేశాలను యథాతథంగా స్టాఫ్ గ్రూపులోకి పంపినంత మాత్రాన సిబ్బందికి సమాచారం అందినట్టు కాదు. వాటిలో మన బడికి వర్తించేవి ఏవి, వాటిని ఈ వారం ఎవరు చేయాలి, ఏ రోజులోగా చేయాలి అన్నది తేల్చే బాధ్యత ప్రధానోపాధ్యాయులది. ఆ తేల్చిన మాటే వారపు సమాచారంలో ఉండాలి. మీరు పంపుతున్న రెండు పేజీల్లో బహుశా ఒకటిన్నర పేజీ పై నుంచి వచ్చిన వాక్యాలే అయి ఉంటాయి. వాటిని చదివినవారికి తమ పని ఏదో తెలియదు కనుకనే సోమవారం మిమ్మల్ని అడుగుతున్నారు. అది వారి నిర్లక్ష్యమని నేను అనుకోను.

డిసెంబరు, జనవరి నెలల్లో ఈ చిక్కు ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. డిసెంబరులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం (మెగా పీటీఎం) వంటి పెద్ద కార్యక్రమం వస్తే (2024లో మొదటిసారి డిసెంబరు 7న జరిగింది) దాని ఏర్పాట్లకు, తర్వాత ఫొటోలకు, నివేదికలకు ఒక వారం దాదాపుగా పోతుంది. ఆ వెంటనే డిసెంబరు 22న రామానుజన్ జయంతి సందర్భంగా గణిత దినోత్సవం, తర్వాత క్రిస్మస్, జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతి వరుసగా వస్తాయి. వీటన్నిటి మధ్య ఉపాధ్యాయుల క్యాజువల్ లీవుల (సీఎల్‌ల) సంగతి ఒకటి. సీఎల్‌లు క్యాలెండర్ సంవత్సరం ప్రకారం లెక్కకట్టేవి కాబట్టి డిసెంబరు 31తో మురిగిపోతాయి. ఏడాది పొడవునా పిల్లల కోసం సెలవు పెట్టకుండా వచ్చిన ఉపాధ్యాయురాలికి కూడా చివరి పది రోజుల్లోనే అవి వాడుకోవలసి వస్తుంది. అది ఆమె హక్కు. కానీ ఐదుగురున్న బడిలో ఒకే రోజు ఇద్దరు సెలవు పెడితే ఆ రోజు పాఠాలు జరగవు. కాబట్టి డిసెంబరు మొదటి వారం సమాచారంలోనే ఎవరికి ఎన్ని సీఎల్‌లు మిగిలాయో, ఏ తేదీల్లో వాడుకోదలచారో వారినే రాసి ఇవ్వమని అడగండి. రెండో వారానికల్లా ఆ పట్టిక సిద్ధమవుతుంది. ఆ తర్వాత ఏ రోజు ఏ తరగతిని ఎవరు చూసుకోవాలన్నది వారపు సమాచారంలో ఒక్క వరుసలో రాయవచ్చు. సంక్రాంతి సెలవులకు అటూ ఇటూ సీఎల్ కలుపుకోవాలనుకునేవారికి, సీఎల్, సెలవు దినాలు కలిపి పది రోజులు మించరాదన్న నిబంధనను ముందే గుర్తుచేయడం మంచిది. టికెట్లు తీసుకున్న తర్వాత చెబితే మనసులు కష్టపడతాయి.

ఇక సెలవుల ముందు చివరి రెండు వారాల సంగతి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో జనవరి 10 నుంచి 19 వరకు సంక్రాంతి సెలవులు ఇచ్చారు. తెలంగాణలో సాధారణంగా కొంత తక్కువ ఉంటాయి, క్రైస్తవ మైనారిటీ పాఠశాలల లెక్క వేరు. ఎన్ని రోజులైనా ఈ రెండు వారాల సమాచారాన్ని పిల్లల పేర్లతో మొదలుపెట్టాలన్నది నా గట్టి నమ్మకం. ఉత్తర్వులు, యాప్‌లు, రిజిస్టర్లు ఆ తర్వాతే రావాలి. మా ప్రాంతంలో సంక్రాంతి ముగిసేసరికి మిర్చి కోతలు ఊపందుకుంటాయి. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు చంటి తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకోవడానికి పొలం గట్ల మీద ఉండిపోతారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కోతలకు వచ్చిన కుటుంబాల పిల్లలు మరికొందరు ఉంటారు. వాళ్లు మా బడిలో కొన్ని నెలలు చదివి వెళ్లిపోతారు. పండుగకు సొంత ఊరు వెళ్తే వాళ్లలో ఎవరు తిరిగి వస్తారో చెప్పలేం. ఈ పేర్లు సెలవులు పూర్తయ్యాక హాజరు పట్టీలో ఖాళీ గళ్లుగా కనిపించే వరకు ఆగకూడదు.

అందుకే జనవరి మొదటి వారంలో మా సమాచారంలో మొదటి పేరా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ప్రతి తరగతి ఉపాధ్యాయుడూ బుధవారంలోగా తన తరగతిలో సెలవుల తర్వాత రాకపోవచ్చని అనిపించే పిల్లల పేర్లు, ఆ ఇంటివాళ్లలో ఎవరితో మాట్లాడితే పని జరుగుతుందో ఆ వ్యక్తి పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వాలి. తండ్రి కంటే నాయనమ్మ మాట చెల్లే ఇళ్లు ఉంటాయి, కూలీలను తెచ్చిన మేస్త్రీ చెబితేనే కదిలే కుటుంబాలు ఉంటాయి. ఈ సంగతి తరగతి ఉపాధ్యాయుడికి తెలిసినంతగా ప్రధానోపాధ్యాయుడికి తెలియదు. గురువారం, శుక్రవారం ఆ ఇళ్లకు ఎవరు వెళ్లాలో కూడా ఆ పేరాలోనే ఉంటుంది. వేరే ఊరికి వెళ్లిపోతామని ఖాయంగా చెప్పిన కుటుంబానికి పిల్లవాడి పేరు, తరగతి, విద్యార్థి ఐడీ నంబరు, మన పాఠశాల ఫోన్ నంబరు ఉన్న చీటీ ఒకటి ఇచ్చి పంపుతాం. బదిలీ పత్రం (టీసీ) ఆలస్యమైందన్న కారణంతో ఏ ప్రభుత్వ పాఠశాలా చేర్చుకోనని అనకూడదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట తల్లిదండ్రులకు మన నోటి నుంచి వినిపించాలి. చీటీ చేతిలో ఉంటే ఆ తల్లి కొత్త ఊళ్లో బడి మెట్లెక్కడానికి వెనుకాడదని నేను కళ్లారా చూశాను. ఒకసారి అలాంటి చీటీ పట్టుకుని ఆదోని వైపు వెళ్లిన పాప గురించి అక్కడి ఉపాధ్యాయురాలు స్వయంగా ఫోన్ చేసి, రెండంకెల కూడికల్లో ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకున్నారు.

సెలవుల ఇంటిపని గురించి వారపు సమాచారంలో తప్పక రాయండి, ఎందుకంటే ఇది ఎవరికి వారు నిర్ణయించుకునే విషయంగా వదిలేస్తే మొదటి తరగతి పిల్లవాడికి పది పేజీల అక్షరాలు, అతని అక్కకు ఇరవై పేజీల ఎక్కాలు పడతాయి. ఆ ఇంట్లో పండుగంతా తల్లి పోరు పడుతూ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2021లో మొదలైనప్పటి నుంచి మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లవాడూ చదవగలగాలి, లెక్కించగలగాలి అని మనమంతా ప్రయత్నిస్తున్నాం. అందుకు కావలసిన అభ్యాసం సంక్రాంతి వాకిట్లోనే దొరుకుతుంది. మా ఉపాధ్యాయులు కలిసి బడి అంతటికీ ఒకే పని ఇస్తారు. ఇంట్లో వేసిన ఒక చుక్కల ముగ్గు నోటుపుస్తకంలో దించుకుని, ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, ఆ ముగ్గు నేర్పినవారి పేరు రాసుకుని రావాలి. ఏడు చుక్కలతో మొదలై అటూ ఇటూ సందు చుక్క పెడుతూ నాలుగు వచ్చే వరకు వేసిన ముగ్గులో మొత్తం ముప్పై ఏడు చుక్కలు ఉంటాయి. రెండో తరగతి పిల్లలు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు, నాలుగో తరగతి పిల్లలు నాలుగు, ఐదు, ఆరు కూడి రెట్టింపు చేసి ఏడు కలుపుతారు. చదవడం రాని నాయనమ్మ కూడా ఈ పనిలో పిల్లకు సాయం చేయగలదు. మీ ప్రాంతానికి తగ్గట్టు మరొకటి ఇచ్చుకోవచ్చు, కానీ ఒక్కటే ఇవ్వండి.

మధ్యాహ్న భోజనం విషయంలో మాత్రం అంకెలతో రాయాలి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క కాబట్టి, అరవై మంది తింటే రోజుకు ఆరు కిలోలు అవుతుంది. సెలవుల ముందు వారంలో హాజరు తగ్గుతుంది. ఊళ్లకు వెళ్లేవారు రెండు మూడు రోజుల ముందే కదులుతారు. చివరి రోజుకు మామూలు లెక్కన వండితే అన్నం మిగిలిపోతుంది, గుడ్లు మిగిలిపోతాయి. చివరి మూడు రోజులు తరగతి ఉపాధ్యాయులు ఉదయం హాజరు కాగానే సంఖ్యను వంటగదికి పంపాలని సమాచారంలో రాస్తే ఆ ఇబ్బంది ఉండదు. మిగిలిన బియ్యం బస్తాలు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద ఉంచడం, చిక్కీ ప్యాకెట్ల మీద గడువు తేదీ చూసి ముందు అయిపోయేవి ముందే పంచడం, గుడ్ల ట్రేలు ఖాళీ అయ్యేట్టు చూడడం, గ్యాస్ రెగ్యులేటర్ తీసి పక్కన పెట్టడం కూడా పేర్లతో సహా రాయండి. జనవరి చలిలో మూసి ఉన్న గదిలో ఎలుకలు చేరడానికి పది రోజులు చాలా ఎక్కువ.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. స్టాఫ్ గ్రూపులో ఉపాధ్యాయులు ఉంటారు కానీ వంటచేసే అమ్మలు, ఆయమ్మ చాలా బడుల్లో ఉండరు. ఉన్నా చదవలేకపోవచ్చు. సెలవుల ముందు వారంలో సగం పని వారి చేతుల్లోనే ఉంటుంది. అందుకని శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక వరండాలో అందరం కూర్చుంటాం. ఆయమ్మ కూడా మాతోపాటు కుర్చీలో కూర్చుంటుంది. నేను రాసినదాన్ని ఒక ఉపాధ్యాయురాలు పైకి చదువుతారు. వంటమ్మ అక్కడే అడ్డం చెబుతుంది. శుక్రవారం గ్యాస్ బండి రాదనో, నీళ్ల ట్యాంకు కడగడానికి మనిషి కావాలనో ఆమె చెప్పినది నేను ఆ కాగితం మీదే సరిదిద్దుతాను. ఆ తర్వాతే దాన్ని గ్రూపులో పెడతాం, నోటీసు పుస్తకంలో అంటించి అందరి సంతకాలు తీసుకుంటాం. దీనికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఈ ఒక్క మార్పు మీరు చేస్తే సోమవారం ప్రశ్నలు చాలావరకు ఉండవని నేను నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే ప్రశ్నలన్నీ శనివారమే అడిగేస్తారు.

రాసే తీరు గురించి కూడా అడిగారు. ప్రతి వాక్యంలో ఒక మనిషి, ఒక పని, ఒక రోజు ఉండాలి. ‘సంక్రాంతి సంబరాలకు తగిన ఏర్పాట్లు చేయవలెను’ అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. ‘గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు ముగ్గుల పోటీ. మూడో తరగతి టీచరు గారు ఐదు రంగుల పొట్లాలు బుధవారమే తెప్పిస్తారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు భోగిపళ్ల కార్యక్రమం అదే సమయంలో రెండో గదిలో. కమిటీ చైర్‌పర్సన్ గారు రేగుపళ్లు తెస్తామన్నారు’ అని రాస్తే ఎవరి పని వారికి తెలుస్తుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో ఉన్న తల్లులకు ఇలాంటి చోట చిన్న బాధ్యత ఇస్తే ఎంతో సంతోషిస్తారు. అలాగే ఈ వారం చేయనవసరం లేనివి కూడా ఒక వాక్యంలో చెప్పండి. పాఠ్య ప్రణాళికలు సెలవుల తర్వాత చూస్తానని, ప్రోగ్రెస్ కార్డులు ఇప్పుడు కాకుండా ఇరవయ్యో తేదీ తర్వాత పూర్తిచేయవచ్చని మీరు రాస్తే ఉపాధ్యాయులకు ఎంత ఊరటగా ఉంటుందో చెప్పలేను. అలసిపోయిన మనుషులకు పని తగ్గించే మాట వినిపించినప్పుడు మిగిలిన పని మనసుపెట్టి చేస్తారు.

ఎవరినైనా మందలించవలసి వస్తే ఆ సమాచారంలో రాయవద్దు. అది గదిలో, ఒంటరిగా చెప్పవలసిన మాట. మెచ్చుకోలు మాత్రం పేరుతో రాయండి. ఉదయపు పొగమంచులో దూరం నుంచి బండి మీద వచ్చి కూడా మొదటి గంటకే తరగతిలో ఉన్న టీచరు గురించి ఒక వాక్యం రాస్తే ఆమెకు అది గుర్తుంటుంది. ఇవన్నీ కలిపి ఒక పేజీ దాటకూడదు. దాటుతోందంటే ఏదో ఒక పని వచ్చే నెలకు వాయిదా వేయాలని అర్థం, దాన్ని వాయిదా వేసే ధైర్యం మీరే చేయాలి. విద్యాశాఖ లీప్ యాప్‌లో నమోదులు, బడి, పిల్లల వివరాలుండే యూడైస్ పోర్టల్‌లో సవరణలు వంటి గడువున్న పనులు ఏవైనా ఉంటే వాటిని చివరి వారానికి రాకుండా డిసెంబరులోనే ఒక్కొక్కరికి కొన్ని పేర్ల చొప్పున పంచి పూర్తిచేయించండి. చివరి రెండు రోజుల్లో ఉపాధ్యాయుల చేతుల్లో ఫోన్లు ఉండకూడదు.

సెలవులకు ముందు రోజు రాసే సమాచారం నిజానికి తెరిచే రోజు కోసం. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, స్మార్ట్ టీవీ ఏ బీరువాలో పెట్టారు, సెలవుల మధ్యలో ఒకసారి వచ్చి ఆవరణ చూసి వెళ్లేది ఎవరు, తెరిచే రోజు ఉదయం ట్యాంకు కడిగి నీళ్లు పట్టేది ఎవరు, ఆ రోజు ఎంతమందికి వండాలి అన్నవి అందులో ఉంటాయి. మామూలుగా మొదటి రోజు సగం మందే వస్తారు, కాబట్టి వంటకు ఆ లెక్కనే చెప్పండి. రాని పిల్లల ఇళ్లకు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎవరు ఏ వీధికి వెళ్లాలో కూడా పేర్లతో రాసి ఉంచండి. బుధవారం తయారైన ఆ జాబితా అప్పుడు మళ్లీ చేతికి వస్తుంది. గణతంత్ర దినోత్సవానికి వారం కూడా ఉండదు కనుక పాటలు, ప్రసంగాలు ఎవరు నేర్పిస్తారన్నది సెలవుల ముందే అనుకోవాలి. ఫిబ్రవరి 10 నాటి నులిపురుగుల మాత్రల కార్యక్రమం మాత్రం ఇప్పుడు కదపవద్దు, దానికి జనవరి చివరి శనివారం సమాచారంలో చోటుంటుంది.